చాటింపు మనది, తీర్పు వాళ్ళది

విశ్వవిద్యాలయాల్లో దళితుల గురించి మాట్లాడేటప్పుడు ఇంతకాలం మనం రెండు లెక్కలే తీస్తూ వచ్చాం. ఎన్ని సీట్లు వచ్చాయి, ఎన్ని ఉద్యోగాలు వచ్చాయి. రోస్టర్ సరిగా నడిచిందా, బ్యాక్‌లాగ్ ఎంత మిగిలింది. ఈ లెక్కలు తీయాల్సిందే. అయితే మూడో లెక్క ఒకటి ఉంది. వైస్‌ఛాన్సలర్ చేతిలోని అధికారం కిందికి ఎలా దిగుతోంది? ఎవరిదాకా దిగుతోంది? ఎక్కడ ఆగిపోతోంది? వార్డెన్ కుర్చీలోనో డీన్ కుర్చీలోనో ఒక దళిత అధ్యాపకుణ్ణి కూర్చోబెట్టారనుకోండి, అధికారం పంచినట్టేనా? ఈ ప్రశ్న తేల్చుకోకుండా ప్రాతినిధ్యం గురించి మాట్లాడటం వల్ల ప్రయోజనం తక్కువ.

శాంతిపురం, గుడుపల్లె, రామకుప్పం మండలాల దళితవాడల పిల్లలకు యూనివర్సిటీ అంటే మొదట గుర్తొచ్చేది కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయమే. ఆంధ్ర, తమిళనాడు, కర్ణాటక కలిసే చోట, 1997లో ప్రత్యేక చట్టంతో దాన్ని పెట్టారు. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ భాషలు ఒకే గూటికింద చదువుకోవాలన్నది దాని వెనకున్న ఊహ. పక్క రాష్ట్రాలు కూడా చెయ్యి కలిపాయి. మంచిదే. భాషల మధ్య పంపకం గురించి అంత ఆలోచించిన మన పాలకులు కులాల మధ్య అధికార పంపకం గురించి ఏ విశ్వవిద్యాలయ చట్టంలో ఎంత ఆలోచించారు? ఇది కుప్పం ఒక్కదాన్నే అడగాల్సిన ప్రశ్న కాదు. తిరుపతి, అనంతపురం, వరంగల్, హైదరాబాద్ అన్నిటినీ అడగాల్సిందే.

ముందు చట్టం సంగతి చూద్దాం. రాష్ట్ర విశ్వవిద్యాలయాల మీద వచ్చిన 1991 చట్టం పాలకమండలి సభ్యులను నియమించే అధికారం ప్రభుత్వానికే ఇచ్చింది. దానికి అధ్యక్షత వహించేది వైస్‌ఛాన్సలర్. అత్యవసరమైతే మండలి చేయాల్సిన పని తానే చేసి తర్వాత మండలికి చెప్పుకోవచ్చు. ఆయన కింద రెక్టారు, రిజిస్ట్రారు, డీన్లు, వార్డెన్లు. కేంద్ర విశ్వవిద్యాలయాల్లో అయితే విద్యార్థుల క్రమశిక్షణ అధికారాలు సాధారణంగా వైస్‌ఛాన్సలర్‌వే. ఆయన వాటిని తనకు నచ్చిన అధికారికి అప్పగించవచ్చు. అప్పగించినవాడు వెనక్కి లాక్కోనూ వచ్చు. అంటే కింద ఉన్నవాడి అధికారం పైవాడి దయ మీద నిలబడిన అధికారం.

ఇక్కడ మనం పనినీ అధికారాన్నీ వేరుచేసి చూడాలి. మెస్సులో అన్నం బాగాలేదంటే విద్యార్థులు నిలదీసేది వార్డెన్‌ని. మెస్సుకి డబ్బు విడుదల చేసే ఫైలు మాత్రం ఆయన చేతిలో ఉండదు. ఎస్సీ, ఎస్టీ సెల్ అధికారి రోస్టర్ రిజిస్టరు చూస్తాడు. తప్పు కనిపిస్తే నోట్ రాస్తాడు. ఆ నోట్‌తో నోటిఫికేషన్ ఆగదు. మాట పడేది ఇతను, మాట చెల్లేది ఇంకొకరిది. మన ఊళ్ళలో ఇది కొత్తా? ఊరి పెద్దలు రచ్చబండ మీద తీర్పు చెప్పేవాళ్ళు. దాన్ని డప్పు కొట్టి వీధి వీధికీ చాటింపు వేసేవాడు మాదిగ. తీర్పు చెప్పినవాళ్ళు ఇంట్లో ఉంటారు, తిట్లు డప్పు కొట్టినవాడికి. విశ్వవిద్యాలయం ఈ పద్ధతినే కాగితం మీద పెట్టుకుంది.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2015 ఆగస్టు నుంచి జరిగింది వరుసగా చూడండి. విద్యార్థుల మధ్య గొడవ మీద ప్రాక్టోరియల్ బోర్డు విచారణ జరిపింది. మొదట హెచ్చరికతో సరిపెట్టిన వ్యవహారం తర్వాత అయిదుగురు దళిత విద్యార్థుల సస్పెన్షన్‌గా మారింది. ఈలోగా కేంద్రమంత్రి బండారు దత్తాత్రేయ మానవ వనరుల మంత్రి స్మృతి ఇరానీకి ఉత్తరం రాశారు. ఆ మంత్రిత్వశాఖ నుంచి విశ్వవిద్యాలయానికి ఉత్తరాలు, వాటి వెనక రిమైండర్లు వచ్చాయి. విద్యార్థుల నిరసనతో సస్పెన్షన్ వెనక్కి తీసుకున్నారు. మళ్ళీ పాలకమండలి ఉపసంఘం ముందుకు వచ్చింది. డిసెంబరులో హాస్టళ్ళ నుంచి, పాలనా భవనం నుంచి, కొన్ని ఉమ్మడి స్థలాల నుంచి వాళ్ళను వెలివేస్తూ ఉత్తర్వు వెలువడింది. 2016 జనవరిలో గదులు ఖాళీ చేయించారు. ఆరుబయట వెలివాడ కట్టుకుని పడుకున్నారు. జనవరి 17న రోహిత్ వేముల చనిపోయాడు.

ఇన్ని మెట్లలో నిర్ణయం ఎవరిది? బోర్డుని అడిగితే సిఫారసు మాత్రమే చేశామంటుంది. ఉపసంఘం నివేదిక ఇచ్చామంటుంది. మండలి ఉపసంఘాన్ని చూపిస్తుంది. వైస్‌ఛాన్సలర్ మండలిని చూపిస్తాడు. మంత్రిత్వశాఖ విశ్వవిద్యాలయానికి స్వయంప్రతిపత్తి ఉందంటుంది. అధికారం ఇన్ని చేతుల్లోకి పంచిన చోట బాధ్యత ఏ చేతిలోనూ మిగల్లేదు.

జనవరి 20న స్మృతి ఇరానీ పత్రికల వాళ్ళతో మాట్లాడుతూ ఉపసంఘంలో సీనియర్ దళిత ప్రొఫెసర్ ఉన్నారని, హాస్టల్ అధికారి కూడా దళితుడేనని చెప్పుకొచ్చారు. మరునాడు అక్కడి ఎస్సీ, ఎస్టీ అధ్యాపకుల, అధికారుల వేదిక ఆ మాటను ఖండించింది. ఉపసంఘానికి అధ్యక్షుడు అగ్రకుల ప్రొఫెసర్ అనీ, విద్యార్థి సంక్షేమ డీన్ హోదా రీత్యా మాత్రమే ఒక దళిత అధ్యాపకుణ్ణి అందులో చేర్చుకున్నారనీ చెప్పింది. సుమారు పదిమంది తమ పాలనా పదవులకు రాజీనామా చేశారు. దళిత ఉద్యమం ఈ రాజీనామాలను జాగ్రత్తగా చదవాలి. ఆ కుర్చీల్లో ఉండగా వాళ్ళకు లేని బలం ఆ కుర్చీలు వదిలేసినప్పుడు వచ్చింది. వద్దని చెప్పి ఫైలు ఆపగలిగిన అధికారం వాళ్ళకు ఇచ్చి ఉంటే రాజీనామా ఒక్కటే ఆయుధం అయ్యేది కాదు.

తర్వాత జరిగిందీ అదే నీతి. జనవరి 24న వైస్‌ఛాన్సలర్ అప్పారావు సెలవు మీద వెళ్ళారు. ఇన్‌ఛార్జి బాధ్యత ఎవరికి? ఆ ఉపసంఘానికి అధ్యక్షత వహించిన విపిన్ శ్రీవాస్తవకే! విద్యార్థులు ఊరుకోలేదు. కొద్దిరోజులకే ఆయనా సెలవు పెట్టి పెరియసామికి బాధ్యత అప్పగించాల్సి వచ్చింది. సీనియారిటీ ప్రకారమే చేశామంటారు. తరతరాలుగా పైకుర్చీల్లోకి రానివ్వని కులాలకు సీనియారిటీ ఎక్కణ్ణుంచి వస్తుంది? కులం పేరు ఎత్తకుండానే కులం చేసే పనంతా సీనియారిటీ చేసిపెడుతుంది.

వైస్‌ఛాన్సలర్ ఒక్కడే అన్నీ చూడలేడు కదా, పనులు అప్పగించక తప్పదు కదా అని కొందరు మిత్రులంటారు. నిజమే. అధికారం ఒక్కడి దగ్గరే ముద్దకట్టి ఉండాలని మనమూ అనడం లేదు. కానీ పంపకం పేరుతో నడిచే ఇన్‌ఛార్జి పాలన సంగతేమిటి? తెలంగాణలో 2019లో, మళ్ళీ 2024 మేలో, వైస్‌ఛాన్సలర్ల పదవీకాలం ముగిశాక ఐఏఎస్ అధికారులకు విశ్వవిద్యాలయాలు అప్పగించారు. సచివాలయంలో కూర్చున్న అధికారికి హాస్టల్ పిల్లవాడి ఫెలోషిప్ ఎన్నో ఫైలు? ఇక 2012 యూజీసీ నిబంధనలు చూడండి. వివక్షపై ఫిర్యాదు వినడానికి ఒక అధికారిని పెట్టమన్నాయి. ఆయన్ను నియమించేది సంస్థ. ఆయన నిర్ణయం మీద అప్పీలు వెళ్ళేది సంస్థ అధిపతికే. ఫిర్యాదు ఆ అధిపతి మీదే అయితే? చాటింపు వేసేవాడు రచ్చబండ మీద ఫిర్యాదు చేసినట్టే.

1927లో బొంబాయి శాసనమండలిలో విశ్వవిద్యాలయ సవరణ బిల్లు మీద చర్చ వచ్చినప్పుడు అంబేద్కర్ వెనుకబడిన వర్గాలకు సెనేటులో చోటు కావాలని వాదించాడు. చదువుకునే హక్కుతో ఆగకుండా ఆ చదువును నడిపించే చోటనే మనవాళ్ళు ఉండాలన్నది ఆయన పట్టు. ఆ వాదనను మనం సీట్ల దగ్గరే ఆపేశాం.

కాబట్టి ఇప్పుడు అడగాల్సింది స్పష్టంగా అడుగుదాం. పాలకమండలిలో, క్రమశిక్షణ సంఘాల్లో దళిత, ఆదివాసీ సభ్యులు హోదా రీత్యా కాకుండా హక్కు రీత్యా ఉండాలి. ఎవరికి ఏ అధికారం, ఎంత డబ్బు మీద, ఎంతకాలం అప్పగించారో రాసిన ఉత్తర్వు నోటీసుబోర్డు మీద ఉండాలి. ఎస్సీ, ఎస్టీ సెల్ అభ్యంతరం రాస్తే దానికి లిఖిత జవాబు ఇచ్చేదాకా ఆ ఫైలు కదలకూడదు. విద్యార్థిని హాస్టల్ నుంచి పంపించే ఉత్తర్వు మీద నిర్ణయించినవాళ్ళ పేర్లు, కారణాలు ఉండాలి. విచారణ చేసినవాడే అప్పీలు వినకూడదు, ఇన్‌ఛార్జి కాకూడదు.

శాంతిపురంలో చదువుతున్న మన పిల్లలు రేపు కుప్పంలోనో హైదరాబాద్‌లోనో చేరతారు. మనవాళ్ళు కొందరు అక్కడ వార్డెన్లు అవుతారు, డీన్లు అవుతారు. ఆ కుర్చీ ఎవరైనా ఇస్తామన్నప్పుడు ముందు ఒక మాట అడగాలి. ఈ కుర్చీలోంచి నేను దేన్ని ఆపగలను? దానికి రాతపూర్వకంగా జవాబు రాకపోతే అక్కడ మనకిస్తున్నది డప్పు మాత్రమే.