విలస, పులస, మండపీత

ఎర్రనీరు దిగిందంటే సఖినేటిపల్లి రేవులో ఒకటే మాట: ‘పులస పడిందా?’ పంటు కోసం నిలబడ్డవాళ్లు కూడా బుట్టలోకి తొంగిచూస్తారు. అంతర్వేది అవతల సముద్రంలో వలకు పడితే విలస, గోదావరి పాయ వశిష్ఠలోకి ఎక్కి ఎదురీదితే పులస. వేలు పోసి కొనేవాళ్లకు ఇవి రెండు చేపలు. రుచిలో తేడా నిజమే, కాదనను.

జంతుశాస్త్రం చదివినవాణ్ణి గనక బుట్ట దగ్గర నా చూపు ఇంకోచోటికి పోతుంది. అమ్మే ఆవిడ మొప్ప ఎత్తి ఎరుపు చూపిస్తుంది. ఆ ఎరుపుకి లోపలివైపు దువ్వెనపళ్లలా సన్నటి ముళ్లుంటాయి. ఈ చేపకి కింది వంపులో అవి 100 నుంచి 250 దాకా ఉంటాయి. దీని దగ్గరి చుట్టం టోలీకి వంద దాటవు. విలసకీ పులసకీ మాత్రం ఈ విషయంలో తేడా లేదు. రెండూ టెన్యువలోసా ఇలిషాయే.

అయితే ముళ్ల లెక్క గుర్తుపట్టడానికే. జాతి అంటే ఏమిటో 1942లో ఎర్నెస్ట్ మేయర్ చెప్పిన నిర్వచనం నాకు ఇప్పటికీ బాగా పనికొస్తుంది: తమలో తాము జతకట్టి సంతానం కనే, మిగతా గుంపులతో అలా కలవని జీవుల సమూహం. గోదాట్లో పుట్టిన పులస పిల్లలు సముద్రానికి దిగి విలసలవుతాయి. ఇక వేరయ్యేదెక్కడ?

విశాఖపట్నంలో చేపలు సేకరించిన ప్యాట్రిక్ రస్సెల్ 1803 నాటి పుస్తకంలో దీన్ని మనవాళ్ల పిలుపుతోనే ‘పలాసా’ అని రాశాడు. దాన్నిబట్టి కువియే 1829లో క్లూపియా పలాసా అన్నాడు. కానీ గంగ చేపల మీద రాసిన హామిల్టన్ 1822లోనే ఇలిషా అని పెట్టేశాడు. ముందు పెట్టిన పేరే నిలుస్తుంది. నియమం సరైనదే, అయినా మన పేరు పోయిందంటే మనసు చివుక్కుమంటుంది.

విలస, పులస నిజంగా రెండు జాతులు కావాలంటే రాకపోకలు తెగాలి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో, మంచుయుగం చివర సముద్రం నుంచి సరస్సుల్లో చిక్కుబడ్డ స్టికిల్‌బ్యాక్ చేపలు సుమారు 12 వేల ఏళ్లలోనే కొన్నిచోట్ల రెండు రకాలయ్యాయి. ఒకటి అడుగున మేస్తుంది, ఒకటి పైనీటిలో. ఒకే సరస్సులో ఉన్నా జత కట్టడం చాలా అరుదు.

మన మండపీతది ఇందుకు తిరగేసిన కథ. పేరు ఒకటే, జాతులు రెండు. 1949లో ఫిలిప్పీన్స్‌లో ఎస్టాంపడార్ ఈ పీతల్ని విడదీశాడు. తర్వాతివాళ్లు మళ్లీ ఒకటే అన్నారు. 1998లో కీనన్, డేవీ, మాన్ జన్యువులు పరీక్షించి, ఈ పీతల్లో నాలుగు జాతులున్నాయని తేల్చారు. మనదేశంలో ప్రధానంగా దొరికేవి సెరాటా, ఒలివేసియా. పెద్ద పీత డెక్క పట్టుకుని మణికట్టు బయటివైపు చూడండి. రెండు వాడి ముళ్లుండి, కాళ్లన్నిటి మీదా వల అల్లినట్టు గీతలుంటే సెరాటా. ముల్లు మొద్దుబారి, కాళ్లు నున్నగా ఒకే రంగులో ఉంటే ఒలివేసియా.

చెరువుల్లో పీతలు వేసే మన రైతులకి ఈ తేడా తెలియాలి. సెరాటా బాగా పెద్దదవుతుంది, ఒలివేసియా అంత ఎదగదు. మడల్లో, కాలవల్లో పట్టిన పిల్లల్లో రెండూ కలిసి ఉండొచ్చు. మరీ చిన్నవైతే ముల్లు చూసి చెప్పడం కష్టం. అందుకే నన్నడిగినవాళ్లకి కాస్త ఎదిగిన పిల్లనే కొనమని, కొనేముందు ప్రతి డెక్కా తిప్పి చూడమని చెబుతుంటాను.