గోడ కట్టినోడి కూలి: ఉత్తరదేశపు దేవుళ్ళూ, పిల్లల నవలలూ

అలియాబాద్ చౌరస్తా నుంచి లోపలికి పోతే వచ్చే ఒక వాడలో మేము కొందరం ఆదివారాలు పిల్లలతో కూచుని కథల పుస్తకాలు చదువుతున్నాం. వాళ్ళలో ఎక్కువమంది తండ్రులది సుతారి పని. రాజీవ్ రహదారి పొడుగునా, శామీర్‌పేట చెరువు చుట్టుపక్కలా, ఫాంహౌసులకూ వెంచర్లకూ లేచిన ప్రహరీ గోడల్లో ఆ చేతులున్నాయి. కట్టిన గోడ లోపలికి మళ్ళీ అడుగు పెట్టాలంటే మాత్రం గేటుకాడ పేరు రాయించుకోవాలి.

సుత్తి దేవుడు థోర్ ఈ పిల్లలకు డబ్బింగు సినిమాల వల్ల బాగా తెలుసు. 2011లో మొదటి సినిమా వచ్చేనాటికి వీళ్ళు పుట్టనే లేదు, అయినా సుత్తి ఎట్లా తిరుగుతుందో చూపిస్తారు. ఆ దేవుళ్ళ కోట ఆస్గార్డ్ గోడ కథ ఒక ఆదివారం చెప్పాం. కథ అయిపోయాక ఒక పిలగాడు అడిగాడు: "మరి గోడ కట్టినోనికి పైసలియ్యలేదా అన్నా?" ఇంగ్లీషులో పిల్లల ఫాంటసీ నవలల మీద ఎంతో విమర్శ వచ్చింది, అందులో కొంత మేమూ చదివాం. ఇంత సూటి ప్రశ్న మాత్రం మాకు తట్టలేదు.

ఉత్తరదేశం అంటే ఇక్కడ మన ఉత్తరాది కాదు. ఐస్‌లాండ్, నార్వే వైపు పుట్టిన నార్స్ పురాణాలు. 1220 ప్రాంతంలో ఐస్‌లాండ్ పెద్దమనిషి స్నోరి స్టుర్లుసన్ వాటిని వచనంలో రాసిపెట్టాడు. టోల్కీన్ 'హాబిట్' (1937) దగ్గర్నుంచి రిక్ రియోర్డన్ 'మాగ్నస్ చేజ్' (2015-2017) దాకా ఇంగ్లీషు పిల్లల నవలలకు అదే ఖజానా. మన పట్నం ఇంగ్లీషు మీడియం బడుల లైబ్రరీల్లో చందమామ ఉండాల్సిన చోట ఇప్పుడు ఈ నవలలున్నాయి.

గోడ కథ ఇది. దేవుళ్ళకు కోటగోడ కావాలి. ఒక మేస్త్రీ వచ్చి కట్టిస్తానన్నాడు. కూలిగా ఫ్రేయా అనే దేవతనూ, సూర్యుణ్ణీ, చంద్రుణ్ణీ అడిగాడు. దేవుళ్ళు కొర్రీ పెట్టారు: ఒక్క చలికాలంలో పూర్తి కావాలి, మనిషి సాయం ఉండకూడదు. గుర్రం ఒక్కటి ఉంటే చాలన్నాడు. సాక్షులముందు ప్రమాణాలయ్యాయి. గడువు ఇంకా మూడు రోజులుండగానే గోడ దాదాపు పూర్తయింది. దేవుళ్ళకు గుండె జారింది. లోకి ఆడగుర్రం వేషమేసి ఆ మగగుర్రాన్ని అడవికి లాక్కుపోయాడు. పని ఆగింది. మేస్త్రీకి కోపం వచ్చింది. కోపం వచ్చాకనే దేవుళ్ళకు తెలిసిందట, వాడు మనిషి కాదు కొండరాకాసి అని! రాకాసికి చేసిన ప్రమాణం చెల్లదు గనుక థోర్ వచ్చి సుత్తితో తల పగలగొట్టాడు.

పని చేసినన్నాళ్ళూ మేస్త్రీ. మోసపోయి కోపగించుకున్నాక రాకాసి. మన పురాణాల్లో రాక్షసులు ఎట్లా పుట్టారో ఫూలే 'గులాంగిరి' (1873)లో అడిగిన ప్రశ్న ఇదే కదా! బలి రైతుల రాజు ఎందుకు కాకూడదని ఆయన అడిగాడు. ఓడినవాడికి కోరలు మొలిపించడం గెలిచినవాడి కలానికి అన్ని దేశాల్లోనూ అలవాటే. ఇంకో సంగతి. ఆ గుర్రానికీ లోకికీ పుట్టిన ఎనిమిది కాళ్ళ గుర్రాన్ని ఓడిన్ ఎక్కి తిరుగుతాడు. చంపినవాడి గొడ్డు సంతానం కూడా దొరల కొట్టంలోనే చేరింది.

దేవుళ్ళ ఆయుధాలదీ అదే కథ. థోర్ సుత్తి, ఓడిన్ ఈటె, మడిచి సంచిలో పెట్టుకునే ఓడ, అన్నీ భూమి కింద బతికే మరుగుజ్జు కమ్మరులు చేసినవే. స్నోరి లెక్కలో ఆ మరుగుజ్జులు చచ్చిన ఆదిరాకాసి మాంసంలో పురుగులుగా పుట్టారు, దేవుళ్ళు దయతలచి వాళ్ళకు మనిషి రూపమిచ్చారు. కొలిమి వాళ్ళది, పురుగుల పుట్టుక కూడా వాళ్ళదే.

ఇదంతా మనం ఊహించి అంటగడుతున్నామని ఎవరైనా అంటే 'రిగ్స్థులా' అనే పాత పాటను చూపిస్తాం. హైమ్‌డాల్ అనే దేవుడు రిగ్ అని పేరు మార్చుకుని మూడిళ్ళకు పోతాడు. మొదటి ఇంట్లో పొట్టు నిండిన మొరటు రొట్టె పెడతారు. అక్కడ పుట్టిన కొడుకు థ్రాల్, అంటే బానిస. నల్లనివాడు, ముడతల చేతులు, లావు వేళ్ళు, వంగిన వీపు, పెద్ద మడమలు. కట్టుకున్న పిల్లకు అరికాళ్ళ నిండా బురద. వాళ్ళ పని పెంట తోలడం, కంచెలు కట్టడం, పందులనూ మేకలనూ కాయడం. రెండో ఇంట్లో పుట్టిన కార్ల్ రైతు. మూడో ఇంట్లో తెల్ల రొట్టె, వెండి గిన్నెలు, పట్టుజుట్టు యార్ల్. అతడే దొర. రిగ్ మళ్ళీ వచ్చి రూన్లు, అంటే అక్షరాలు, నేర్పింది ఆ దొరబిడ్డ ఒక్కడికే. శంబూకుడూ ఏకలవ్యుడూ తెలిసినవాళ్ళకు ఇంకా వివరించాలా? ఈ పురాణాలన్నిటికీ మారుపేరైన 'ఎడ్డా' అన్నమాటే ఈ పాటలో ఆ బానిస తల్లి పేరు.

తేడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. పురుషసూక్తంలో శూద్రుడికి పాదాలైనా దక్కాయి, అంటరానివాడికి ఆ శరీరంలో చోటే లేదు. రిగ్స్థులాలో ముగ్గురి పుట్టుకకూ కారణం ఒకే దేవుడు. ఆ పాట మనుస్మృతిలాగా శాస్త్రమై కూచోలేదు. స్వీడన్‌లో 1335లోనే బానిసత్వం మీద వేటు పడింది. దొరల చూపు ఎట్లా పనిచేస్తుందో తెలుసుకోవడానికి మాత్రం ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవాలి.

ఇంత పచ్చిగా రాసిన పురాణం నుంచి నవలలు ఏం తీసుకున్నాయి? టోల్కీన్ విషయంలో తొందరపడి తీర్పు చెప్పలేం. 1938లో 'హాబిట్' జర్మన్ అనువాదానికి ప్రచురణకర్తలు "మీరు ఆర్యులేనా" అని అడిగితే, ఆర్య అన్నమాట అర్థమే మీకు తెలియదని ఎద్దేవా చేస్తూ ఆయన జవాబు రాసుకున్నాడు. ఉత్తరదేశపు కథలను హిట్లర్ పాడుచేశాడని మండిపడ్డాడు. పైగా 'హాబిట్'లో మరుగుజ్జులు పోయిన తమ సొత్తు కోసం బయల్దేరినవాళ్ళు. వాళ్ళకు గౌరవముంది, పాత పాటలోంచి తెచ్చిన పేర్లున్నాయి, వంశాలున్నాయి. కానీ పురాణంలోని కమ్మరిని ఆయన రెండుగా చీల్చాడు. మంచి పనివాడు మరుగుజ్జు అయ్యాడు. చెడ్డ పనివాడు గాబ్లిన్ అయ్యాడు. గాబ్లిన్లకూ గనులు తవ్వడం, గొడ్డళ్ళు చేయడం వచ్చు, కానీ వాళ్ళలో పేరున్నవాడు ఒకడో ఇద్దరో. చివరి యుద్ధంలో వాళ్ళు కుప్పలుగా చస్తే చదివే పిల్లవాడు ఊపిరి పీల్చుకుంటాడు. తరువాతి పుస్తకాల ఓర్క్‌ల రూపం గురించి ఒక ఉత్తరంలో ఆయనే చప్పిడి ముక్కు, పాలిపోయిన పసుపు చర్మం, వాలుకళ్ళు అని రాశాడు. యుద్ధంలో హిట్లర్‌ను తిట్టినాయన ఊహలో కూడా శత్రువుకు ఆ మొహమే వచ్చింది.

రియోర్డన్ మనకాలపువాడు, ఇవన్నీ తెలిసి రాశాడు. మాగ్నస్ బోస్టన్ వీధుల్లో పడుకునే ఇల్లులేని పిల్లవాడు. స్నేహితుల్లో నల్ల చర్మపు మరుగుజ్జు, చెవుడున్న ఎల్ఫ్, హిజాబ్ కట్టిన ముస్లిం అమ్మాయి, పారిపోయి వచ్చిన బానిస కొడుకు ఉన్నారు. మా పిల్లలకు చెబితే సంబరపడ్డారు, మేమూ సంతోషించాం. అయితే మాగ్నస్ ఎవరు? ఫ్రే అనే దేవుడి కొడుకు! ఫుట్‌పాత్ మీద పడుకున్నా నెత్తుట్లో దేవుడున్నాడు కాబట్టే కత్తి అతని మాట విన్నది. మనకిది కర్ణుడి కథ. సూతుడి ఇంట పెరిగినవాడి వీరత్వానికి సూర్యుణ్ణి తండ్రిగా చూపిస్తే తప్ప మహాభారతం ఊరుకోలేదు. థ్రాల్ కొడుకు థ్రాల్ కొడుకుగానే నాయకుడు కావడానికి ఇక్కడా దారి దొరకలేదు.

నీల్ గైమన్ 'ఆడ్ అండ్ ది ఫ్రాస్ట్ జెయింట్స్' (2008) చిన్న పుస్తకం. అందులో ఆస్గార్డ్‌ను పట్టుకున్న రాకాసి ఎవరో కాదు, ఆ గోడ కట్టిన మేస్త్రీ తమ్ముడు. అన్నను మోసం చేసి చంపారని నోరు విప్పి చెప్తాడు. పురాణంలో లేని గొంతు ఇది, గైమన్‌కు ఈ గౌరవం ఇవ్వాల్సిందే. కానీ కాలు చితికిన ఆడ్ అనే పిల్లవాడి మంచి మాటలకు మెత్తబడి రాకాసి ఇంటికి పోతాడు. గోడ దేవుళ్ళకే మిగిలింది. అన్న చావుకు పరిహారం మాట రాలేదు. పాత ఐస్‌లాండ్ కవి ఆ ప్రమాణభంగాన్ని లోకనాశనానికి దారితీసే తప్పుల్లో చేర్చి పాడాడు. ఆ పాటి బరువు ఈ నవలలో లేదు.

ఇదంతా విదేశీ గొడవ అనుకునేవాళ్ళకు ఒక బడి సంగతి చెప్తాం. వార్షికోత్సవంలో నాటకం వేశారు. నల్లగా ఉన్న మా వాడ పిలగాడికి రాకాసి వేషమిచ్చారు. "వీనికి రంగు ఖర్చు లేదు" అని నవ్వారట. మా ఆదివారం గుంపులో కూడా గోడ కథ ఆట ఆడితే అదే పిలగాణ్ణి అందరూ ముందుకు తోశారు. 1947లో మొదలైన చందమామ దగ్గర్నుంచీ మనం చదివిన సీరియల్స్, బొమ్మలు ఈ చూపును కొంత తయారుచేశాయి. వాటిని ఇష్టంగా చదివిన మా కళ్ళకూ ఆ చూపు అంటుకున్నది.

భూమి పుట్టకముందు ఆరు నెలలకే పుట్టినవాడని చిందు కళాకారులు పాడే ఆదిజాంబవుడు రామాయణం బొమ్మల పుస్తకంలో ముసలి ఎలుగుబంటి. గోగు శ్యామల కథలో, మీద పడబోయిన భూస్వామిని తన్ని తప్పించుకున్న దళిత బాలికకు కథ శీర్షికలో దక్కిన పేరు తాటకి. రాముడి బాణానికి చచ్చిన తాటకి అక్కడ గెలిచింది. హైదరాబాద్ అన్వేషి సంస్థ పిల్లల కోసం 2008లో తెచ్చిన పుస్తకాల వరసలో ఆ కథ ఉంది. జాంబపురాణం మీద అంత పొడుగు ఫాంటసీ నవల మా చేతికింకా రాలేదు.

గోడ కథను పిల్లలు ఇప్పుడు తిరగరాస్తున్నారు. మేస్త్రీ గెలిచాడు, గుర్రం పారిపోలేదు, గోడ పూర్తయింది. కూలి చెల్లించే దగ్గర కథ ఆగిపోయింది. ఫ్రేయాను ఇచ్చెయ్యాలని మగపిల్లలన్నారు. "ఆమెను అడిగిన్రా?" అని ఇద్దరు ఆడపిల్లలు లేచారు. మేస్త్రీ పక్షాన ఇన్ని పేజీలు వాదించిన మాకూ ఆ మాట తట్టలేదు. సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ ఇవ్వడానికి వాళ్ళకు అభ్యంతరం లేదు, ఫ్రేయా పేరు మాత్రం కొట్టేశారు. ఆ ఖాళీలో ఏం రాయాలన్నది ఇంకా తేలలేదు.