కాంప్లెక్స్ ద్వారం ముందు యువకుడు

ప్రకృతి నశించిన తరువాతి లోకాన్ని, అందులోని కలిమిలేముల అగాధాన్ని చిత్రించే కథలు నేటి యువతరాన్ని అమితంగా ఆకర్షిస్తున్నాయి. 2008లో వెలువడిన సుజాన్ కాలిన్స్ నవల 'ది హంగర్ గేమ్స్' ఈ కోవకు లోకమంతటా పాఠకులను సంపాదించి పెట్టింది. తెలుగులో ఈ ఊహకు భారీ రూపమిచ్చినది మాత్రం నవల కాదు, చలనచిత్రం. అది నాగ్ అశ్విన్ దర్శకత్వంలో 2024 జూన్ 27న విడుదలైన 'కల్కి 2898 ఏడీ'. దానికి ముందే 'బుజ్జి అండ్ భైరవ' అనే యానిమేషన్ ధారావాహిక పిల్లలను ఈ కథకు సిద్ధం చేసింది.

కథాకాలానికి గంగ ఎండిపోయింది. మిగిలిన నగరం కాశీ ఒక్కటే. దానిపైన ఆకాశంలో తలక్రిందులైన పిరమిడ్ వలె 'కాంప్లెక్స్' వ్రేలాడుతుంటుంది. నీరు, పచ్చదనం, సుఖభోగాలు సమస్తం అక్కడే. క్రింద మిగిలింది దుమ్ము. లోనికి పోవాలంటే పది లక్షల యూనిట్లు చెల్లించాలి. ఇంటి అద్దె సైతం కట్టలేని భైరవ, బహుమానాల కోసం మనుషులను పట్టి ఇస్తూ ఆ మొత్తం కూడబెట్టాలని చూస్తాడు. అతనికి ఆ ద్వారాన్ని బద్దలు కొట్టాలని లేదు, లోపలికి పోవాలని మాత్రమే ఉంది. చిత్రంలోని నిజమైన పరిశీలన ఇదే.

సినిమా కార్యాలయాలకు పేరుపడిన శ్రీనగర్ కాలనీలో నిలబడి చూసేవారికి ఇది దూరపు ఊహగా తోచదు. ఒక ప్రక్క బంజారాహిల్స్ గుట్టలు, మరొక ప్రక్క పల్లంలో అమీర్‌పేట, పంజగుట్ట. అమీర్‌పేట సందుల్లో జిల్లాల నుండి వచ్చిన యువకులు ఇరుకు హాస్టళ్ళలో ఉంటూ, అప్పు తెచ్చిన ఫీజుతో కంప్యూటర్ కోర్సులు నేర్చుకుంటారు. వారి చూపు అమెరికా మీద. వారిని నిందించనక్కరలేదు, ద్వారం అటువంటిది! 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసినప్పుడు మునిగినవి పల్లపు బస్తీలే. వేసవిలో బోర్లు ఎండితే, డబ్బున్నవారి ఇంటికి ట్యాంకరు వస్తుంది. లేనివారు బిందెతో వరుసలో నిలబడతారు. ప్రకృతి వినాశం, అసమానత అనేవి వేర్వేరు సమస్యలు కావు.

చిత్రం ఈ సత్యాన్ని చూపించి, వెంటనే వదిలిపెట్టడం విచారకరం. భైరవ ఒకమారు కాంప్లెక్స్‌లోకి చొరబడి సముద్రతీర విహారం చేస్తాడు. ఆ నీరు ఎక్కడిదని అతడు అడగడు, చిత్రమూ అడగదు. తరువాత అంతా యుద్ధాలే. పురాణపాత్రలను వాడుకోవడం కథకుని హక్కు, అందుకు ఆక్షేపణ లేదు. అయితే లోకభారమంతా అశ్వత్థామ మీద, పుట్టబోయే శిశువు మీద మోపడంతో కాశీ ప్రజలు కేవలం ప్రేక్షకులైపోయారు. చివరకు భైరవలో మేల్కొనేది కూడా పూర్వజన్మపు కర్ణుడే గాని, ఈ జన్మ అంతరాత్మ కాదు.

ప్రయాగ్ అక్బర్ ఆంగ్ల నవల 'లైలా' (2017) పెద్దల కోసం రాసినదైనా ఈ విషయంలో మరింత నిజాయితీ గలది. అందులో గోడలు కట్టినవాడు ఆకాశంలోని రాక్షసుడు కాడు, ఇరుగుపొరుగువారే. బిడ్డను పోగొట్టుకున్న శాలిని సైతం ఒకప్పుడు ఆ అంతరాల నీడన సుఖపడినదే. 'కల్కి'కి రెండవ భాగం ప్రకటించారు. అందులోనైనా కాశీ ప్రజలకు నోరు వస్తుందేమో చూడాలి.