గరిటెలు వచ్చిన పెట్టె

ఒకే వారములో మా యింటి బల్లమీదికి రెండు పొట్లములు వచ్చి చేరినవి. మొదటిది ఉదయగిరినుండి నేను స్వయముగా తెచ్చుకొన్నది. ఆరు కొయ్య గరిటెలు, రెండు ఫోర్కులు, పాత వార్తాపత్రికలో చుట్టి, పైన రబ్బరు బ్యాండు బిగించి యిచ్చినది. ఆత్మకూరులో బస్సు మారునప్పటి తొక్కిసలాటలో ఒక ఫోర్కు పన్ను విరిగినది; ఇంటికి వచ్చి విప్పిన పిమ్మటగాని నాకా సంగతి తెలియలేదు. రెండవది బెంగుళూరులో ఉద్యోగము చేయుచున్న మా మేనల్లుడు దీపావళికి తెచ్చిన కానుక. అందులోని పరిమళపు కొవ్వొత్తికంటె దానిని మోసికొనివచ్చిన అట్టపెట్టెమీదనే వానికి మమకార మెక్కువగా నున్నట్లు తోచినది. “మామయ్యా, చింపేసేవు! మడతలు విప్పి, లోపలి భాగం బయటికి తిప్పి నిలబెట్టు, ఫ్లవర్‌వాజు అయిపోద్ది” అని పెట్టె నాచేతి కిచ్చుచునే హెచ్చరించెను. వాడు చెప్పినట్లే యైనది. రెండు రెక్కలు లాగి, వంపు గీతలవెంబడి నొక్కగా, చదునుగా నుండిన అట్టకు కడుపు వచ్చి, మెడ సన్నమై, చక్కని పూలపాత్రగా బల్లపై నిలిచినది.

అయితే అందులో నిలుపుటకు పూవేది? ఉదయము కొన్న చేమంతులు బుట్టలో లేకపోలేదు. “దేవుడికే చాల్లేదు, అట్టపెట్టెక్కూడా పూలా?” అని మా యిల్లాలు ఒక్కమాటతో ఆ ప్రసంగమును ముగించినది.

ఆలోచింపగా ఆ మాటలో కొంత చరిత్ర యున్నది. తెలుగింటి పూవు కాడతో రాదు. తొడిమదగ్గర త్రుంచి, అరటినారతో మాల కట్టి, జడకో, పటమునకో, గుమ్మమునకో చేర్చుటయే మన మెరిగిన పుష్పవినియోగము. పొడుగుకాడతో కోసి, నీటిలో నిలబెట్టి, దూరమునుండి చూచి యూరకుండుట దొరల బంగళాలనుండి మన ముందుగదులలోనికి వచ్చిన అలవాటు. అందుచేతనే కాబోలు ఆ పాత్రకు మనలో స్థిరమైన పేరు కూడ లేదు. పూలకుండీ యన్నచో మొక్క పెరుగు తొట్టి స్ఫురించును. పూలసజ్జ యన్నచో పూజకు పూలు కోసికొను వెదురుబుట్ట. తుదకు ఫ్లవర్‌వాజనియే అని ఊరకుందుము. ఇంతవరకు వ్రాసి తృప్తిపడుచుండగా అమరావతి శిల్పములు జ్ఞప్తికి వచ్చి కలము ఆగినది. ఆ ఫలకములపై పూర్ణఘటమును చూడని వారెవ్వరు? నిండు కడవనుండి తామరమొగ్గలును, విరిసిన తామరలును పొంగి పొరలుచుండును. మన రాష్ట్ర రాజచిహ్నములో నేటికిని ఆ ఘటమే యున్నది. కావున కడవలో పూలు నిలుపుట దొరలు నేర్పిన విద్య యనుట నా తొందరపాటు. అది దాదాపు రెండువేల యేండ్లకు పూర్వమే మనవారికి తెలిసి, నడుమ నెక్కడనో ఇండ్లలోనుండి జారిపోయినది.

పూలను కట్టి యిచ్చు విద్య మాత్రము జారిపోలేదు. పెంచలకోనకు తులసిమాల కొనిపోవువారైనను, ఏ.ఎస్.పేట దర్గాకు గులాబీలు కొనిపోవువారైనను, సాయంకాలము ఇంటికి మూరెడు మల్లెలు తీసికొనిపోవువారైనను ఎరిగినదే: పూలమ్మి తడిపిన ఆకులో మాలను చుట్టగా చుట్టి, నారతో ఒక ముడి వేసి చేతి కిచ్చును. ఆ ఆకు దారిలో సంచి, ఇంటిలో పాత్ర. ముడి విప్పువరకు చెమ్మ నారనీయదు. మా మేనల్లుని పెట్టె ఎంతో ఆర్భాటముతో చేయు రెండు పనులను ఆ ఆకు గీతలు లేకయే, జిగురు లేకయే చేయుచున్నది. ఇప్పుడు చాల అంగళ్లలో దాని స్థానమును పాలిథిన్ సంచి ఆక్రమించినది. అందులో పూలు చెమటపట్టి, ఇల్లు చేరునప్పటికి ఉడికినట్లగును.

ఉదయగిరి దారిలో పోవునప్పుడెల్ల నా మనస్సు వస్తువుల ప్రయాణముమీదికే పోవును. 3,079 అడుగుల ఆ దుర్గమును శ్రీకృష్ణదేవరాయలు సంవత్సరమున్నర ముట్టడించి, 1514లో గజపతులనుండి గెలుచుకొని, అచ్చటి బాలకృష్ణ విగ్రహమును విజయనగరమునకు తరలించి, 1515లో ఆలయము కట్టించి ప్రతిష్ఠించెను; ఆ విగ్రహ మిప్పుడు చెన్నై మ్యూజియములో నున్నది. చరిత్ర చదువువారు ఇచ్చట రాయల పరాక్రమమును తలతురు. నేను బండివాండ్రను తలతును. వెన్నపట్టిన ఆ చిన్నిచేతులు బెసకకుండ, వెలిగొండలు దాటి అంతదూరము పోవు విగ్రహమును ఎంత గడ్డిలో పొదివియుందురు! నా చిన్నతనమున కుమ్మరులు సంతకు కుండలు తెచ్చునప్పుడు బండినిండ వరిగడ్డి పరచి, కుండకును కుండకును నడుమ గడ్డి కుక్కి తెచ్చెడివారు. కుండలు దిగగానే ఆ గడ్డిని బండి లాగిన యెద్దులే మేసివేసెడివి. అంతకంటె గొప్ప ప్యాకింగును నేను ఇంతవరకు చూచి యెరుగను.

ఇక గరిటెల సంగతి. ఉదయగిరి చుట్టునున్న దుర్గము కొండలలో దొరకు నర్ది, బిక్కి, దేవదారి మొదలగు కలపతో అచ్చటి ముస్లిము కుటుంబములవారు తరతరములుగా వీనిని చేయుచున్నారు. వారిలో స్త్రీలు అనేకులు. చెక్కను నరికి బాడిసెతో రూపు తెచ్చి, ఉలితో గుంట తొలిచి, ఆకురాతితో రాచి, ఉప్పుకాగితముతో నునుపు చేయుదురు; పని అంతటితో ముగిసినను వంటకు లోటులేదు, కాని వారి చేయి అచ్చట నిలువక కాడ చివర తీగెలును, జాలీలును దిద్దును. 2015లో ఈ పనితనమునకు భౌగోళిక గుర్తింపు లభించినది. అది శుభమే, అయితే గుర్తింపు ఊరిపేరును కాపాడును గాని, బస్సులో ఫోర్కు పన్నును కాపాడదు. అంతటి సన్నని పనిని నిన్నటి పత్రికలో చుట్టి యిచ్చుచున్నారేమని నేను అడిగినప్పుడు, గరిటె రాచుచున్న ఆమె తల యెత్తకయే, “కొయ్య మాది సార్, పెట్టె మీరు తెచ్చుకోవాల” అన్నది.

ఆ మాట నన్ను వదలలేదు. గరిటెల పెట్టె పొడుగుగా, సన్నముగా నుండవలయును, పూలపాత్రయును అట్టిదే. మా మేనల్లుని పెట్టెయును, ఉదయగిరి పొట్లమును ఒకే బల్లపై ప్రక్కప్రక్కన కనబడుచుండగా, రెంటిని కలిపిననేమి యని ఎవనికైనను తోచును.

అయినను నాకొక సందేహము అడ్డుపడినది. వస్తువును మోసినది ఇంటిలో నిలిచిపోవుట మనకు క్రొత్త కాదు. కాని అట్లు నిలిచినవానిలో చాలవరకు ఎవరును నిలుపవలెనని చేసినవి కావు. 1937లో బజారునకు వచ్చిన డాల్డాను చూడుడు. పసుపుపచ్చ డబ్బా, దానిపై చెట్టు బొమ్మ. లోపలి వనస్పతి అయిపోయిన మరునాడే అడుగున మేకుతో రెండు కన్నములు పొడిచి, మట్టి నింపి, కనకాంబరమో తులసియో నాటెడివారు. నేను పెరిగిన వీధిలో అట్టి డబ్బా లేని పిట్టగోడ లేదు. హాలండులో హైనెకెన్ బీరు యజమాని, ఖాళీ సీసాలు ఇటుకలవలె ఇల్లు కట్టుటకు పనికివచ్చునట్లు హాబ్రాకెన్ అను వాస్తుశిల్పిచే పలకల సీసాను చేయించి, 1963లో సుమారు లక్ష సీసాలు పోయించెను. ఎంతో తెలివైన యోచన, కాని ప్రయోగదశ దాటలేదు. కంపెనీ తలపెట్టిన రెండవ యుపయోగము ఆగిపోయినది; తలపెట్టనిది మా పిట్టగోడలమీద పూచినది. ఈ రెండును ఎరిగియు, మిక్సీ వచ్చిన పాత అట్టపెట్టెను, బ్లేడును, సిరా అయిపోయిన బాల్‌పెన్నును ముందువేసికొని నేను కూర్చుండితిని. వృద్ధాప్యమున మనుష్యునకు ఇట్టి పనులే ప్రాప్తించును.

అట్టను అల్పముగా చూచువారు ఒక్కసారి దానిని మడిచి చూడవలయును. రెండు కాగితముల నడుమ అలలుగా ముడుచుకొన్న మూడవ కాగితమే దాని బలము. అట్టపని వారు ఆ అలను ఫ్లూటందురు. 1856లో ఇంగ్లండున ఆ ముడుతల కాగితమునకు తొలి పేటెంటు పొందినవారు దానిని ఉద్దేశించినది సరకు పంపుటకు కాదు, దొరల పొడుగు టోపీలకు లోపలి అస్తరుగా. సీసాలకు చుట్టవచ్చునను బుద్ధి 1871లో న్యూయార్కున ఆల్బర్ట్ జోన్సునకు పుట్టినది. మడతపెట్టె చరిత్ర ఇంకను వింతయైనది. 1879లో బ్రూక్లిన్‌లో రాబర్ట్ గెయిర్ అను కాగితపు సంచుల వ్యాపారి కర్మాగారములో, విత్తనముల సంచులపై గీత నొక్కవలసిన లోహపు పట్టీ యొకటి స్థానము తప్పి సంచులను కోసివేసినది. పాడైన సంచులకు విచారించుటకు బదులుగా, ఒకే యదుముతో కొన్నిచోట్ల కోసి కొన్నిచోట్ల నొక్కినచో చదునైన అట్టనుండి పెట్టెను లేపవచ్చునని అతడు గ్రహించెను. మందుల డబ్బా, మిఠాయి డబ్బా, మా మేనల్లుని కొవ్వొత్తి డబ్బా, అన్నియు ఆ పొరపాటు సంతానమే.

నా మొదటి పెట్టె నిలువలేదు. ఫ్లూటు అడ్డముగా నుండునట్లు కోసితిని. చేయి వేయగానే మోకాళ్లు వంచినట్లు కూలినది. అలలు స్తంభములవలె నిలువుగా నుండినగాని బరువు మోయవు. రెండవదానికి ఫ్లూటు నిలువుగా నుంచి, నాలుగు గోడలు, ఒక అంటింపు రెక్క గీసి, బాల్‌పెన్నుతో గీతలు నొక్కి, అడుగున నాలుగు రెక్కలను ఒకదానిక్రింద నొకటి దూర్చితిని. టేపు లేకుండ డబ్బా మూయుటకు పిల్లలు చేయుదురే, ఆ పద్ధతిని. అది నిలిచినది. గర్వముతో లోపల పాలిథిన్ కవరు వేసి, నీరు పోసి, పొలము గట్టున దొరకిన తంగేటికొమ్మ నొకటి పెట్టితిని. తెల్లవారునప్పటికి అడుగు నాని, బల్లపైనున్న నా వ్రాతకాగితములు గోధుమరంగు తిరిగినవి. మూడవ దినమున హార్లిక్సు సీసా లోపల నిలిపి, దానిలో నీరు పోసితిని. పూవు నిలిచినది, పెట్టె నిలిచినది, కాని అప్పుడు పూలపాత్ర సీసాయే, అట్ట దానికి తొడిగిన చొక్కా మాత్రమే. మా మేనల్లుని పెట్టెను మరల పరీక్షించితిని. దాని యడుగునను చిన్న యక్షరములతో నీరు పోయరాదనియే అచ్చువేసి యున్నది.

నీరక్కరలేని పూవు ఏది యని వెదకనక్కరలేకపోయినది. గరిటెలు బల్లమీదనే యున్నవి. తీగెలు దిద్దిన కాడలు పైకి వచ్చునట్లు ఆరింటిని పెట్టెలో నిలుపగా అవి పూలగుత్తివలె నొప్పినవి. వచ్చిన పెట్టెలోనే వంటింటి గట్టుపై నిలుచును, మెత్తని అట్టలో ఫోర్కుల పండ్లు విరుగవు, పెట్టె పారవేయ బనిలేదు. సమస్య తీరినదనుకొని, రెండు నమూనాలు సంచిలో పెట్టుకొని మరల ఉదయగిరి బస్సెక్కితిని.

ఆమె పెట్టెను అటునిటు త్రిప్పి, లోపలి గరిటె నొకదానిని తీసి, తలక్రిందులు చేసి మరల పెట్టినది. “గుంట కిందికి పెడతారా సార్ ఎవురన్నా? కడిగిన తడంతా అడుక్కి దిగితే కొయ్య నల్లబడిపోద్ది. గుంట పైకుండాల.” నేను నోరు మెదపలేకపోతిని. గుంట పైకి వచ్చినచో తీగెలు దిద్దిన కాడ పెట్టెలో మునిగిపోవును. ఎవరి కండ్లకొరకు దిద్దిరో వారికి కనబడదు. ఆమెయే బ్లేడు తీసికొని ముందుగోడను సగమునకు ఏటవాలుగా కోసినది, జాలీలు బయటపడినవి. పదినిమిషముల పని. నేను మూడు వారములు తలపట్టుకొని కనుగొనలేనిది.

“పెట్టె ఎంత పడిద్ది సార్?” అని అడిగినది. కోతకును, నొక్కుడుకును కావలసిన డై చేయించు ఖర్చు వేలకొలది పెట్టెలమీద పంచినగాని తేలికపడదని, తక్కువ చేయించినచో పెట్టె వెల గరిటె వెలను తాకునని ఉన్నమాట చెప్పితిని. ఆమె నవ్వి, “గరిటె కన్నా పెట్టె ఎక్కువైతే ఇంక మేము పెట్టెలే చేసుకుంటాం గదా” అన్నది.

అది నవ్వి వదలదగిన మాట కాదు. ఒక్కొక్క యింటివారు డై చేయించుకొనలేరు; కాని గరిటెల పొడవులు నాలుగైదు రకములే గనుక, రకమున కొక్క డై చొప్పున ఊరందరికిని చాలును. లేపాక్షి దుకాణములు నడుపు హస్తకళల అభివృద్ధి సంస్థవారు ఆ యొక్క ఖర్చు భరించి, మామూలు గోధుమరంగు అట్టపై ఊరిపేరు మాత్రము అచ్చువేయించి, పెట్టెలను చదునుగా కట్టలు కట్టి ఉదయగిరికి పంపినచో, తక్కిన పని ఆ చేతులే చేసికొనును. జిగురు వలదు, రంగులు వలదు, ఫ్లవర్‌వాజను మాట అసలే వలదు. పెట్టె మొదట గరిటెను కాపాడవలయును. పిమ్మట కొన్నవారి యిష్టము.

గత నెలలో ఆ దారిని పోవుచు వారి యింటిముందు ఒక నిమిషము ఆగితిని. నేను వదలివచ్చిన రెండు నమూనాలలో ఒకటి కనబడలేదు. రెండవది గోడవారగా నున్నది. అందులో ఆమె తన ఆకురాళ్లను నిలబెట్టుకొన్నది.