రంగు కడిగిన ఒటెల్లో

2015 సెప్టెంబరు 21న న్యూయార్కు మెట్రోపాలిటన్ ఒపేరా తన సీజన్‌ని వెర్డీ ‘ఒటెల్లో’తో మొదలుపెట్టింది. అంతకు ముందు నెలలోనే ఒక ప్రకటన చేసింది: ఈసారి ఒటెల్లో పాత్రధారి మొహానికి నల్లరంగు పుయ్యం. 1891లో ఆ సంస్థ ఈ ఒపేరాని మొదటిసారి ఆడించినప్పటి నుంచీ తెల్ల గాయకుడు మొహం నల్లగా చేసుకుని రావడమే ఆనవాయితీ. అది ఆగింది. మంచి పనే అన్నారు అందరూ. మంచి పనే. కాకపోతే రంగు తీసేసిన ఆ మొహం ఎవరిది? లాత్వియా నుంచి వచ్చిన అలెక్సాండ్రస్ అంటొనెంకోది. తెల్లవాడిదే. రంగు పోయింది, నల్లవాడు మాత్రం రాలేదు. అవమానాన్ని తుడిచే పేరుతో మనిషినే తుడిచేశారా అన్న ప్రశ్న ఇక్కడ పుడుతుంది. దీన్ని ఒక్క మెట్ మీదికే నెట్టి చేతులు కడుక్కోలేం. తుడవడం వెర్డీ కాలంలోనే మొదలైంది.

ఒపేరాకి మనకి తెలిసిన వాటిలో దగ్గరిది పద్యనాటకం. జనం కథ తెలుసుకోవడానికి రారు, గొంతు వినడానికి వస్తారు. రాగం కోసం కథ ఆగుతుంది. ‘ఒటెల్లో’ని 1887 ఫిబ్రవరి 5న మిలాన్‌లోని లా స్కాలాలో మొదట ఆడారు. అప్పటికి వెర్డీకి 73 ఏళ్లు. షేక్స్‌పియర్ ‘ఒథెల్లో’ని ఒపేరాకి సరిపడా కుదించి మాటలు రాసింది అర్రిగో బొయిటో. పాడితే మాటకి మూడింతలు టైము పడుతుంది కాబట్టి కుదించక తప్పదు. కానీ ఏది కోశాడు?

మొదటి అంకం మొత్తం కోసేశాడు. షేక్స్‌పియర్ నాటకంలో అది వెనిస్‌లో జరుగుతుంది. అర్ధరాత్రి ఇయాగో వెళ్లి సెనేటర్ బ్రబాన్షియో ఇంటి కింద నిలబడి, నీ కూతురు నల్లోడితో పోయిందని బూతులు కూస్తాడు. తండ్రి లేచి సెనేటులో పంచాయితీ పెడతాడు. మందు పెట్టాడంటాడు, చేతబడి చేశాడంటాడు. లేకపోతే తన పిల్ల అలాంటివాణ్ణి కోరుకోవడం ప్రకృతికే విరుద్ధం అంటాడు. ఆ రాత్రే టర్కీ ఓడలు సైప్రస్ మీదికి వస్తున్నాయని కబురు. దొరలకి ఆ నల్ల సేనాపతి కావాలి. పెళ్లి చెల్లింది! యుద్ధమే లేకపోతే తీర్పు ఎలా ఉండేదో మన పల్లెల్లో పైకులం పిల్లని చేసుకున్న ఏ మాల, మాదిగ కుర్రాణ్ణి అడిగినా చెప్తాడు. యుద్ధానికి పనికొచ్చినవాడు పెళ్లికి పనికిరాడు. 1818లో కోరేగావ్‌లో మహర్లు కంపెనీ సైన్యంలో పోరాడారు. 1890ల్లో అదే తెల్లదొరలు మీరు యుద్ధజాతి కాదు పొమ్మని మహర్లకి సైన్యం తలుపులు మూశారు. వెనిస్ సెనేటు లెక్క మనకి తెలియంది కాదు.

ఒపేరాలో ఇదంతా లేదు. సైప్రస్ రేవులో తుఫానుతో తెర లేస్తుంది. ఆ తుఫాను సంగీతం అద్భుతమే, ఒప్పుకుందాం. ఒటెల్లో గెలిచి వస్తాడు, ఒక్క కేకతో విజయం చాటుతాడు. అప్పటికే అధిపతి, అప్పటికే భర్త. ఈ పెళ్లిని కాదన్నవాడు ఒకడుండేవాడని కూడా ప్రేక్షకుడికి తెలియదు. మిగిలినవి కొన్ని ముక్కలు. ఇయాగో ఒకచోట అతని పెదాల్ని ఎద్దేవా చేస్తాడు. ప్రేమగీతంలో డెస్డిమోనా అతని బానిసత్వపు రోజుల్ని, నల్లని కణతల్ని తలుచుకుంటుంది. రెండో అంకంలో ఒటెల్లో తనే, భార్య తనకి దూరమైందేమోనని కారణాలు లెక్కపెడతాడు: తనకి సరసం రాదనా, వయసు మళ్లిందనా, మొహం మీది ఈ చీకటి వల్లా. మూడింట్లో ఒకటి. కథకి పునాదిగా ఉండాల్సింది అనుమానాల జాబితాలో చివరి అంశంగా మారిపోయింది.

ఇంకో మార్పు అంతకన్నా లోతైంది. షేక్స్‌పియర్‌లో లేని పాట ఒకటి బొయిటో రాసి ఇయాగోకిచ్చాడు. ‘క్రెడో’ అంటారు, అంటే నమ్మకాల ప్రకటన. తనని క్రూరమైన దేవుడొకడు తన పోలికలోనే పుట్టించాడని, చెడు తన పుట్టుకలోనే ఉందని, చచ్చాక ఏమీ లేదని అతను చాటుకుంటాడు. బారిటోన్ గాయకులు ప్రాణం పెట్టి పాడతారు. అయితే దీనివల్ల జరిగిందేమిటి? ద్వేషానికి సమాజంతో పని లేకుండా పోయింది. ఇయాగో వర్ణదురహంకారి కాదు, సైతాను. సైతాన్ని ఎవరు నిలదీస్తారు? కారంచేడు, చుండూరు తర్వాత కూడా అదేదో క్షణికావేశమని, పాత కక్షలని, కొందరు దుర్మార్గుల పనని విన్నాం గదా. అది కూడా క్రెడోనే.

ఈ ఒపేరా తయారవుతున్న రోజుల్లో వెర్డీ, ఆయన మిత్రులు ఉత్తరాల్లో దీన్ని ‘చాక్లెట్’ అని పిలుచుకునేవారు. సరదాకే. ఆ సరదాలోంచే మొహానికి పూసే రంగు కూడా వచ్చింది. అమెరికాలో ఆ రంగుకి ఇంకో చరిత్ర ఉంది: 19వ శతాబ్దమంతా మిన్‌స్ట్రెల్ షోల్లో తెల్లవాళ్లు మసి పూసుకుని నల్లవాళ్లని గేలిచేసి డబ్బు సంపాదించారు. మన చిందు మాదిగలు కూడా మొహానికి అర్దళం పూసుకుని రాజులు, దేవుళ్ల వేషం కడతారు. తెల్లారి రంగు కడుక్కుంటే మళ్లీ వాడకే. పైవాడి వేషం కట్టినోడు పైవాడు కాలేదు. కిందివాడి వేషం కట్టిన తెల్లవాడికి మాత్రం దిగిపోయే భయం లేదు. వేషం ఒకటే, ఎటునుంచి ఎటు కడుతున్నారన్నదే తేడా.

ఇప్పుడా భవనం సంగతి. మెట్ ప్రస్తుత భవనం లింకన్ సెంటర్‌లో 1966 సెప్టెంబరు 16న తెరుచుకుంది. గోడలకి షగాల్ చిత్రాలు, సుమారు 3,800 సీట్లు. ఆ నేల అంతకుముందు శాన్ హువాన్ హిల్ అనే పేట. నల్లవాళ్లు, పోర్టోరికన్లు ఉండే పేట. జాజ్ పియానోకి పెద్ద పేరు తెచ్చిన థెలోనియస్ మంక్ పెరిగింది అక్కడే. బాబాసాహెబ్ 1913 నుంచి 1916 దాకా కొలంబియాలో చదువుకున్నది ఈ నగరంలోనే, ఆ పేట నిండుగా ఉన్న రోజుల్లోనే. 1950ల్లో రాబర్ట్ మోజెస్ దాన్ని మురికివాడ అని తేల్చి, పునర్నిర్మాణం పేరుతో సుమారు 7,000 కుటుంబాల్ని లేపేయించాడు. నల్లవాడు వేదిక మీద లేకపోవడం గురించి మాట్లాడేటప్పుడు వేదిక కింద ఎవరుండేవారో కూడా మాట్లాడాలి. 2022లో లింకన్ సెంటర్ శాన్ హువాన్ హిల్ మీద ఎటియెన్ చార్లెస్ చేత ఒక సంగీత రచన చేయించింది. పేట పోయాక పేట పాట.

మెట్ వేదిక ఎక్కిన మొదటి నల్ల సోలో గాయని మరియన్ ఆండర్సన్. 1955 జనవరి 7, పాత భవనంలో. అప్పటికామెకి 57 ఏళ్లు. ప్రపంచమంతా మెచ్చిన గొంతుకి దొరికిన పాత్ర ఏమిటి? వెర్డీదే ఇంకో ఒపేరాలో సోదె చెప్పే ఉల్రికా. మూలంలో న్యాయాధిపతి ఆ స్త్రీ నల్లరక్తాన్ని మలినమైందంటాడు! ముఖ్యపాత్రలు పాడే నల్ల టెనర్ మెట్‌కి రావడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది. 1961లో జార్జ్ షిర్లీ వచ్చాడు. నాటకరంగం మాత్రం ఎప్పుడో దారి చూపింది. ఐరా ఆల్డ్రిడ్జ్ 1833లోనే కోవెంట్ గార్డెన్‌లో ఒథెల్లో వేశాడు. పాల్ రోబ్సన్ బ్రాడ్వేలో 1943 నుంచి 296 ప్రదర్శనలు ఆడాడు.

ఒపేరావాళ్లకి రెడీగా ఒక జవాబుంది: ఒటెల్లో పాడటం మామూలు పని కాదు, ఆ గొంతులు లోకంలో కొన్నే ఉన్నాయి, మేం ప్రతిభ చూస్తాం, రంగు చూడం. ఈ మాట మనం 1990లో మండల్ గొడవల్లో రోడ్ల మీద విన్నాం. పాత్ర కష్టమైందే, అబద్ధం కాదు. అయితే గొంతు చెట్టుకి కాయదు. చిన్నప్పటి పాఠం, కన్సర్వేటరీ చదువు, చిన్న పాత్రలు, పెద్ద పాత్రలు, ఇరవై ఏళ్లకి గానీ ఒక ఒటెల్లో తయారుకాడు. ఆ మెట్లన్నీ ఎవరికి అందాయి? 2022లో లండన్ రాయల్ ఒపేరా హౌస్‌లో రసెల్ థామస్ ఒటెల్లో పాడాడు. అక్కడ ఆ పాత్ర పాడిన మొదటి నల్ల గాయకుడు అతనే. దొరకరన్న గొంతు దొరికింది గదా.

నల్లవాడి పాత్ర నల్లవాడే పాడాలని నియమం పెట్టమనడం లేదు. అలా పెడితే అదొక్క పాత్రే ఇచ్చి తలుపేస్తారు. మెట్ 2015 ప్రదర్శనకి వస్తే, బార్ట్లెట్ షేర్ దర్శకత్వంలో పారదర్శకమైన గోడలు కదులుతుంటాయి, దుస్తులు వెర్డీ కాలానివి. చూడ్డానికి బాగుంది. ఏమీ దాచని గోడల మధ్య అసలు విషయం ఒక్కటే కనిపించదు. రంగు తీసేశాక దాని బదులు ఇంకేదీ పెట్టలేదు. ఈ మనిషి ఈ ఊళ్లో బయటివాడు అని ఏ చూపూ, ఏ దూరమూ చెప్పదు. దాంతో మూడో అంకంలో వెనిస్ నుంచి ఉత్తరం వచ్చి, ఒటెల్లోని వెనక్కి రమ్మని, సైప్రస్‌ని కాసియోకి అప్పగించమన్నప్పుడు అది మామూలు బదిలీలా దాటిపోతుంది. యుద్ధం అయిపోయింది, వాడి అవసరం తీరింది అని ఆ ఉత్తరం అంటోంది. కోసేసిన మొదటి అంకంలోంచి ఒక ముక్క అక్కడ తప్పించుకుని బతికింది. దాని మీద ఏ దర్శకుడైనా ఆగొచ్చు. షేర్ ఆగలేదు. చివరికి మిగిలింది అనుమానపు మొగుడు భార్యని చంపిన కథ.

మన ఎం.ఏ. ఇంగ్లీషు క్లాసుల్లో కూడా ఒథెల్లోని అసూయ నాటకంగానే ముగిస్తున్నారు. సిలబస్‌లో నాటకం ఉన్న మాస్టార్లు ఒక గంట కేటాయించి ఒపేరా మొదటి అంకం వినిపించి, వెంటనే షేక్స్‌పియర్ మొదటి అంకం చదివించొచ్చు. బ్రబాన్షియో మాటలు మాత్రం పిల్లల చేతే పైకి చదివించాలి.