నాయకుడికి వంశం ఎందుకు?

నాటకానికి మూలాంశాలేవని అడిగితే తెలుగు ఎం.ఏ. విద్యార్థి ఎవరైనా టకటకా చెప్పేస్తాడు: వస్తువు, నేత, రసం. రూపకాల్ని వేరుచేయడానికి పదో శతాబ్దంలో ధనంజయుడు 'దశరూపకం'లో పెట్టిన కొలతలివి. నేనూ బట్టీ పట్టినవాణ్ణే. అయితే నేత గుణాల్లో 'రూఢవంశుడు' అన్న మాట దగ్గర ఆగిపోయాను. పేరున్న వంశంలో పుట్టినవాడని అర్థం. మా నాయన్ని ఊళ్లో పూర్తి పేరుతో పిలిచినోళ్లు లేరు. మరి అట్లాంటి మనిషి ఏ నాటకానికి నాయకుడవుతాడు?

ఇది ఒక్క మాటతో పోయే సంగతి కాదు. నాట్యశాస్త్రం పాత్రలకు భాషను కూడా పంచిపెట్టింది. ఉత్తములకు సంస్కృతం, స్త్రీలకు, 'నీచ' పాత్రలకు ప్రాకృతాలు. గ్రీకుల దగ్గరా అంతే. కథ, పాత్ర, ఆలోచన, మాట, పాట, దృశ్యం అని విషాద నాటకానికి ఆరు అంగాలు చెప్పిన అరిస్టాటిల్, ఆ పుస్తకంలోనే బానిసను కొరగానివాడన్నాడు.

నాట్యశాస్త్రం మొదట్లో, శూద్రులు వేదం వినకూడదు గనక అన్ని వర్ణాలకూ ఐదో వేదంగా నాట్యం పుట్టిందని ఉంది. చివర్లో, ఋషుల్ని వెక్కిరించినందుకు భరతుని కొడుకులు శూద్రులు కమ్మని శాపం తిన్నారని ఉంది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి పాఠం చెప్పిన పంతులు నాకు దొరకలేదు.

ఇప్పుడు తెలంగాణ చిందు భాగోతం చూద్దాం. జాంబ పురాణంలో ఆది జాంబవుడు బ్రాహ్మడితో వాదానికి దిగుతాడు. ఎవరు ముందు పుట్టారన్నదే తగాదా. వస్తువూ, సంఘర్షణా, సంభాషణా అన్నీ ఆ వాదంలోనే ఉన్నాయి. పుట్టుకనే ప్రశ్నకు పెట్టినవాడు అక్కడ నేత. స్త్రీ వేషాలు స్త్రీలే కడతారు. ఒక పరీక్షలో నేనిది ఉదాహరణగా రాస్తే, 'అది జానపదం పేపర్లో రాయాలి' అన్నారు. ఊరికి వాడ ఉన్నట్టు సిలబస్‌కూ ఒక వాడ ఉందన్నమాట!

చిందును ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. చిందువాళ్లు మాదిగలకు ఆశ్రిత కులం. అక్కడా మెట్లున్నాయి. చిందు ఆడవాళ్లను జోగినిలుగా విడిచిన ఆచారమూ ఉంది. దాన్ని నిషేధిస్తూ రాష్ట్రంలో చట్టం వచ్చింది 1988లోనే. కళను మెచ్చుకుని ఆ బతుకును మరిచిపోతే అదీ మోసమే.

బోయి భీమన్న 'పాలేరు' నాటకం పేరులోనే జవాబుంది. జీతగాణ్ణి మధ్యన నిలబెట్టి ఆయన నేత లక్షణాన్నే తిరగరాశాడు.

కాబట్టి మూలాంశాల్ని పారేయమనడం లేదు. వాటిని అడుగుదాం. ఈ కథ ఎవరిది? నేత ఎవరు, ఎవరి కులం? ఎవరి భాషకు నవ్వుతున్నాం? ఆడేదెవరు, ముందు వరసలో కూచున్నదెవరు? తరగతిలో వస్తువు, నేత, రసం చెప్పే మాస్టార్లు ఈ నాలుగు ప్రశ్నలూ బోర్డు మీద రాస్తే చాలు. వెనక బెంచీలో కూచున్న మన పిల్లవాడు నోరు విప్పుతాడు.