ఏ ఊరికెళ్లినా పల్లె ఎటువైపని అడుగుతా

పుస్తకం చదివితే పైసా ఖర్చు లేకుండా ప్రపంచం తిరిగి రావచ్చని చదువుకున్నోళ్లు చెబుతుంటారు. ఆ మాట అబద్ధమని నేననను. నేనూ అట్లాగే తిరిగాను. కాకపోతే ఆ మాట చెప్పేవాళ్లు ఒక సంగతి మింగేస్తారు. ఊళ్లోకి మనల్ని ఏ వీధిలోంచి తీసుకుపోవాలో, ఎవరి అరుగు మీద కూర్చోబెట్టాలో, ఎటువైపు తల తిప్పనివ్వకూడదో రాసినవాడు ముందే నిర్ణయించి ఉంటాడు. చదివేవాడు వాడి వేలు పట్టుకుని నడవాల్సిందే.

మా ప్రకాశం జిల్లాలో ఊరు వేరు, పల్లె వేరు. పల్లె అంటే మాలపల్లె, మాదిగపల్లె. తెలంగాణోళ్లు వాడ అంటారు, గోదావరి వాళ్లు పేట అంటారు. పేరేదైనా అది ఊరికి ఎడంగానే ఉంటుంది. అందుకే ఏ దేశపు పుస్తకం తెరిచినా నేను మొదట అడిగేది ఒకటే ప్రశ్న. ఈ ఊరికి పల్లె ఎటువైపు? ఆ ప్రశ్న పట్టుకుని నేను తిరిగిన దారి ఇది.

మా నాయన లంద మీద పనిచేసేవాడు. తంగేడు చెక్క నానేసిన నీళ్లలో తోళ్లు ఊని, చెప్పులు కుట్టేవాడు. నాకు పుస్తకాలు దొరికింది ఊళ్లో ఉన్న శాఖా గ్రంథాలయంలో. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు అప్పట్లో విశాలాంధ్ర వాళ్ల దగ్గర కారుచౌకగా వచ్చేవి. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయాక అవీ ఆగిపోయాయి. గట్టి అట్ట, తెల్లటి కాయితం. వేపచెట్టు కింద కూర్చుని నేను మంచు చూశాను, సమోవార్ చూశాను. గోర్కీ 'అమ్మ' వెంట ఫ్యాక్టరీ కూలీల పేటలో తిరిగాను. దొస్తోయెవ్‌స్కీ వెంట పీటర్స్‌బర్గ్‌లో మెట్లెక్కి వడ్డీ వ్యాపారం చేసే ముసలమ్మ గదిలోకి పోయాను. ఆ గదిలో ఏ సామాను ఎక్కడుందో అప్పట్లో కళ్లు మూసుకుని చెప్పేవాణ్ని. గ్రంథాలయానికి ఎదురుగా ఉన్న పెద్దింటి గుమ్మం దాటితే లోపల ఏముందో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు. ముప్పయ్యేళ్లు ఆ ఇంటికి చెప్పులు కుట్టిచ్చిన మా నాయనకీ తెలియదు.

ఇది పుస్తకం చేసిన మేలు. చదివేవాడి కులం పుస్తకం అడగదు. రాసినవాడికి మాత్రం కులం ఉంటుంది, వీధి ఉంటుంది, అలవాటైన చూపు ఉంటుంది. పుస్తకాల్లో ప్రయాణం గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండూ కలిపి మాట్లాడాలి.

మనవాళ్లలో ఈ సంగతి అందరికంటే ముందు పట్టుకున్నవాడు జాషువా. 1941లో వచ్చిన 'గబ్బిలం' ఒక ప్రయాణ కావ్యం. కాళిదాసు మేఘదూతంలో యక్షుడు భార్యకు కబురు పంపడానికి మేఘాన్ని బతిమాలతాడు. ఆ మేఘం పోయే దారంతా కొండలు, నదులు, ఉజ్జయిని మేడలు. జాషువా తంజావూరులో ఉన్న ఒక అరుంధతీ పుత్రుడి చేత గబ్బిలాన్ని పంపించాడు. ఎందుకు గబ్బిలం? మనిషికి లేని గుడి ప్రవేశం దానికుంది కాబట్టి. గబ్బిలం కూడా ఊళ్లు చూస్తూనే పోతుంది, నదులు దాటుతూనే పోతుంది. కానీ ఆ ప్రయాణం వేడుక కోసం జరగలేదు. శివుడి చెవిన ఒక ఫిర్యాదు వెయ్యాలి, అందుకు జరిగింది. మన కాలేజీల్లో ఈ కావ్యాన్ని ప్రకృతి వర్ణనకీ దేశభక్తికీ ఉదాహరణగా పాఠం చెప్పి ముగించేవాళ్లు ఉన్నారు. పంపినవాడు తాను ఎందుకు పోలేదు అన్న ప్రశ్న అడగకపోతే ఆ కావ్యం సగమే చదివినట్టు.

'గబ్బిలం' కంటే ముందే ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' 1922లో వచ్చింది. బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించిన నవల. తెలుగు చదువరుల్ని పల్లెలోకి నడిపించింది, సంగదాసు చావు చూపించింది, తిరగబడ్డ వెంకటదాసును చూపించింది. దాన్ని తక్కువ చెయ్యాల్సిన పనిలేదు. కానీ రామదాసు ఇంట్లో నాకు వినపడింది వేదాంతం. ఆ మాటతీరు మా తాతలది కాదు. పల్లెలోకి వచ్చిన రచయిత తన ఇంటి పుస్తకాల్ని కూడా వెంటేసుకొచ్చాడు. వచ్చినందుకు దండం పెడదాం. తెచ్చిన మూట ఎవరిదో కూడా చూద్దాం.

మన భాషలోనే ఇట్లా ఉంటే బయటి దేశాల సంగతేంటి? యూనివర్సిటీలో డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు చదవడం మొదలుపెట్టాక ఆఫ్రికా పోయాను. చినువా అచెబె 1958లో రాసిన 'థింగ్స్ ఫాల్ అపార్ట్' చాలామంది చదివే ఉంటారు. తెల్లోళ్లు వచ్చి ఇగ్బో ఊళ్లను ఎట్లా చెదరగొట్టారో చెప్పే నవల అంటారు. నిజమే. కానీ అందులో కొద్ది పేజీల్లో నాకు పల్లె దొరికింది. ఓసు అనే మనుషులు. దేవుడికి అంకితమిచ్చిన వాళ్లంట. వాళ్లతో పెళ్లి సంబంధం కలపకూడదు. ఊరి సభకు రాకూడదు. గుడి దగ్గరే ఎడంగా బతకాలి. జుట్టు తీయించుకోకూడదు. చస్తే ఊరందరితో పాటు పాతిపెట్టరు. ఎంబాంటా అనే ఊళ్లో చర్చి పెట్టినప్పుడు వీళ్లు లోపలికొస్తే, అప్పటికే క్రైస్తవంలో కలిసినవాళ్లు కూడా గొడవ చేస్తారు. చివరికి ఓసులు జుట్టు తీయించుకుని చర్చిలో కలుస్తారు.

ఇది చదువుతుంటే నేను నైజీరియాలో లేను, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్నాను. పెద్ద కరువు తర్వాత 1878 జూలై 3న ఒంగోలు బాప్టిస్టు మిషన్ వాళ్లు ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అందులో ఎక్కువమంది మాదిగలు. అంతకు ముందు ఆ దారి తొక్కినవాడు తోళ్ల వ్యాపారం చేసే యర్రగుంట్ల పేరయ్య. మా తాతలు ఎందుకు చర్చికి పోయారంటే తిండి కోసమని ఊళ్లోవాళ్లు ఇప్పటికీ వెక్కిరిస్తారు. ఆ వెక్కిరింపుకి జవాబు అచెబె నవల్లో ఉంది. ఊరి సభలో చోటు లేనివాడు చోటిచ్చే గుమ్మం తడతాడు. తెల్లోళ్ల పెత్తనాన్ని నిలదీస్తూనే, తన జాతిలోని ఈ అన్యాయాన్ని అచెబె దాచలేదు. పరాయివాడు పాడుచేసేదాకా మా ఊళ్లు బంగారం అని రాసే మన రచయితలు నేర్చుకోవాల్సింది అక్కడుంది.

తర్వాత జపాన్ పోయాను. షిమజకి తోసోన్ 1906లో రాసిన 'హకాయ్' అనే నవల. ఇచ్చిన మాట తప్పడం అని దానర్థం. జపాన్‌లో మా లాంటి వాళ్లున్నారని నాకు అప్పటిదాకా తెలియదు. చచ్చిన పశువుల పని, తోలు పని చేసేవాళ్లు. 1871లో ప్రభుత్వం వాళ్లకు సమాన హోదా ప్రకటించింది. కాగితం మీద. ఈయామా అనే కొండప్రాంతపు పట్నంలో ఉషిమత్సు అనే కుర్ర పంతులు ఉంటాడు. పుట్టుక ఎవరికీ చెప్పొద్దని తండ్రి మాట తీసుకుంటాడు. నవల మొదట్లోనే ఒక బస ఇంట్లోంచి డబ్బున్న వాణ్ని తరిమేస్తారు. అంటరానివాడని తెలిసింది కాబట్టి. ఉషిమత్సు అది చూసి తన బస మార్చుకుంటాడు.

నేను ఉద్యోగం కోసం ఒక పట్నం పోయినప్పుడు అద్దె గది వెతికాను. ఇంటావిడ మొదట ఊరడిగింది. తర్వాత ఇంటిపేరు. తర్వాత, "మీరేమట్లు బాబూ?" చెప్పాను. అడ్వాన్సు పుచ్చుకుంది. మర్నాడు పొద్దున సామాను తీసుకుని పోతే, "మా అల్లుడోళ్లు వస్తన్నారు, ఇవ్వట్లేదయ్యా" అని డబ్బులు తిరిగిచ్చింది. టు లెట్ బోర్డు నెల రోజులు అట్లాగే వేలాడింది. నా స్నేహితుడు, "ఇంటిపేరు మార్చి చెప్పరాదా?" అన్నాడు. ఆ సలహా ఇచ్చింది ఈయామాలో ఉషిమత్సు తండ్రే అని నాకు తర్వాత పుస్తకం చదివితే తెలిసింది.

అంబేద్కర్ రాసుకున్న 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చిన్న పుస్తకం. విద్యార్థులు సిలబస్ పుస్తకాల కంటే ముందు చదవాలి. బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఆయన 1913లో న్యూయార్క్ వెళ్లి కొలంబియాలో చదివాడు. తర్వాత లండన్‌లో చదివాడు. 1917లో బరోడాలో కొలువుకొస్తే ఉండడానికి గది దొరకలేదు. పార్శీల సత్రంలో పార్శీ పేరుతో దిగాడు. పైన పాత సామాను నిండిన పెద్ద హాలు, చిన్న లాంతరు. ఆ ఒంటరితనం మర్చిపోవడానికి పుస్తకాలు చదువుకుంటూ కూర్చునేవాడు. అయితే ఆ హాల్లో కాపురమున్న గబ్బిలాలు ఎగురుతూ, ఎక్కడున్నాడో మళ్లీ మళ్లీ గుర్తుచేసేవి. పదకొండో రోజున కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. రాత్రి బొంబాయి రైలు దాకా ఆయన ఒక పార్కులో కూర్చున్నాడు.

పుస్తకం ఎంత దూరం తీసుకుపోగలదో, ఎక్కడ ఆగిపోతుందో ఆ హాలు చూపిస్తుంది. ప్రపంచమంతా చదివిన మనిషికి సొంత దేశంలో మంచం వేసుకునే చోటు లేదు.

ఇప్పుడు 'హకాయ్' ముగింపు చూడండి. ఉషిమత్సు తరగతిలో పిల్లల ముందు మోకరిల్లి, ఇన్నాళ్లు దాచినందుకు క్షమించమంటాడు. తర్వాత అమెరికాలో టెక్సాస్ దారి పడతాడు. ఎందుకయ్యా క్షమాపణ? గెంటేసినవాళ్లు అడగాల్సిన క్షమాపణ గెంటించుకున్నవాడి నోట పెట్టాడు తోసోన్. తోసోన్ ఆ పల్లె మనిషి కాడు. జాలి చూపించగలిగాడు, జపాన్‌లో చోటు చూపించలేకపోయాడు. అంబేద్కర్ అమెరికా నుంచి తిరిగొచ్చాడు. గెంటేసినా దేశం వదల్లేదు, మోకరిల్లలేదు. జపాన్‌లో ఆ మనుషులే 1922లో సుయిహేయిషా అనే సంఘం పెట్టుకుని తలెత్తి నిలబడ్డారు. నవల రాయలేని ముగింపు వాళ్లు రాశారు.

బయటి నుంచి చూసి రాసినదానికీ లోపల నుంచి రాసినదానికీ ఉన్న తేడా బొంబాయిలో ఇంకా తెలుస్తుంది. దళిత్ పాంథర్స్ పెట్టినవాళ్లలో ఒకడైన నామ్‌దేవ్ ధసాల్ 1972లో 'గోల్‌పిఠా' కవితలు అచ్చేశాడు. తాను పెరిగిన కామాటిపురా వీధుల్ని వీధుల భాషలోనే పెట్టాడు. మరాఠీ పెద్దలు బిత్తరపోయారు. ఆ కామాటిపురా పేరు మనవాళ్ల పేరే. నిజాం ఇలాకా నుంచి పోయి బొంబాయి కట్టడాల్లో రాళ్లు మోసిన తెలుగు కూలీలు, కామాటీలు ఉన్న చోటు అది. పరాయి నగరం చూద్దామని పుస్తకం తెరిస్తే మన కూలీల అడ్రసు దొరికింది. బొంబాయి చూసొచ్చాం అని రాసిన ఏ యాత్రా చరిత్రలోనూ నాకది దొరకలేదు.

చివరిగా అలెక్స్ హేలీ 'రూట్స్'. సహవాసి 'ఏడు తరాలు'గా తెలుగు చేస్తే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. మన ఉద్యమాల్లో చేతులు మారి చిరిగిపోయిన పుస్తకం. గాంబియాలో జుఫూరే ఊరి పిల్లాడు కుంటా కింటే డోలు చేసుకోవడానికి కర్ర కోసం అడవికి పోతే పట్టుకుపోయారు. 1767లో అమెరికాలో అమ్మేశారు. పేరు మార్చారు, పారిపోతే పాదం నరికారు. అతను బిడ్డకు నదిని తన భాషలో ఏమంటారో నేర్పాడు. ఆ రెండు మూడు మాటలే తరాలు దాటి హేలీ దాకా వచ్చాయి. హేలీ చెప్పిన వంశవృక్షం మీద చరిత్రకారులు తర్వాత సందేహాలు లేవనెత్తారు. ఆ సందేహాలు ఉండాల్సిందే. కానీ నాకు పనికొచ్చిన పాఠం వేరే. మామూలు చదువరి పుస్తకం పట్టుకుని తెలియని ఊరికి పోతాడు. హేలీ ఇంట్లో మిగిలిన మాటలు పట్టుకుని పోగొట్టుకున్న ఊరు వెతికాడు. డప్పు కోసం చెట్టు కొట్టే పిల్లాడి కథ మా పల్లెలో చదివి వినిపిస్తే, జుఫూరే ఎక్కడుందని ఎవరూ అడగలేదు. తర్వాతేమైందని అడిగారు.

విద్యార్థి మిత్రులకు చెప్పాల్సింది ఇదే. 1985 జూలై 17న కారంచేడులో మాదిగల్ని వెంటపడి చంపారు, ఆరుగురు చనిపోయారు. పీటర్స్‌బర్గ్ సందులన్నీ వర్ణించగల మన చదువరులు చాలామందికి ఆ మాదిగపల్లె ఎటువైపుందో ఆ రోజుదాకా తెలియదు. తప్పు పీటర్స్‌బర్గ్‌ది కాదు. అక్కడికీ పోండి, జపాన్ పోండి, నైజీరియా పోండి. పోయిన ప్రతి చోటా పల్లె ఎటువైపని అడగండి. చూపించని పుస్తకాన్ని ఎందుకు చూపించలేదని అడగండి. చూపించినదాన్ని ఎవరి కళ్లతో చూపించావని అడగండి.

అడిగి ఊరుకుంటే చాలదు. ఈయామాలోనో ఎంబాంటాలోనో మనలాంటి పిల్ల ఒకతె పుస్తకం తెరిచి మన దేశం వస్తే, తాజ్‌మహల్ దగ్గరికీ గంగ ఒడ్డుకీ తీసుకుపోయేవాళ్లు చాలామంది ఉన్నారు. మాదిగపల్లెకి దారి చెప్పాల్సింది మనమే. లంద ఎక్కడుండేదో, నీళ్లు ఎవరు పోసేవాళ్లో, డప్పు ఎక్కడ మోగిందో, ఎక్కడ మోగించమని ఎదురుతిరిగామో ఆ ఊళ్ల పేర్లతో సహా రాయండి. మన అమ్మానాయనల మాటల్లో రాయండి.